దగ్గుతున్నా క్లాసుకే: హాస్టళ్లలో జబ్బు పాకుతోంది ఇందుకే

2020 డిసెంబర్‌లో మద్రాస్ ఐఐటీలో వందమందికి పైగా కొవిడ్ సోకింది. అప్పుడు క్యాంపస్‌లో ఉన్నది కొన్ని వందల మంది విద్యార్థులే. మరి ఎక్కడ అంటుకుంది? అధికారులు మెస్ వైపే వేలు చూపించారు. అందరికీ కలిపి ఒకటే మెస్, తినేటప్పుడు మాస్కు తీయక తప్పదు. తర్వాత భోజనం ప్యాక్ చేసి గదులకే పంపారు. మరుసటి ఏడాది నవంబర్‌లో కర్ణాటకలోని ధార్వాడ్ ఎస్‌డీఎం మెడికల్ కాలేజీలో ఫ్రెషర్స్ వేడుక తర్వాత 281 కేసులు బయటపడ్డాయి. వాళ్లలో ఎక్కువమంది రెండు డోసులూ వేసుకున్నవాళ్లే.

కొవిడ్ సద్దుమణిగింది గానీ హాస్టల్ గది మారలేదు. మూసిన కిటికీలు, ఆనుకుని మంచాలు. గేటు దగ్గర థర్మల్ గన్ పెట్టడం కళ్లకు కనిపించే పని, అంతే. ఫ్లూ అయినా కొవిడ్ అయినా జ్వరం రాకముందే పక్కవాడికి చేరిపోగలదు.

అసలు చిక్కు హాజరు దగ్గరుంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల్లో 75 శాతం తప్పనిసరి. 65 దాకా తగ్గితే కారణం చూపించి, ఫీజు కట్టి మినహాయింపు అడగాలి. అంతకన్నా పడిపోతే సెమిస్టర్ పోయినట్టే. 90 పనిదినాలు అనుకుంటే 22 రోజులు మానొచ్చు. రెండుసార్లు ఫ్లూ వచ్చినా సరిపోవాలి కదా! కానీ ఆ రోజులు ఈద్‌కి, అక్క నిఖాకి, ఊరి ప్రయాణాలకి ముందే ఖర్చయిపోతాయి. చివరికి జ్వరం వచ్చిన పిల్లాడు పారాసిటమాల్ వేసుకుని క్లాసులో కూర్చుంటాడు. అంటురోగంతో మానేసిన రోజులకు ఫీజు లేకుండా మినహాయింపు, హాస్టల్లో విడిగా ఒక గది, అక్కడికే భోజనం. ఈ మూడింటికీ అయ్యే ఖర్చు ఏ యూనివర్సిటీకీ బరువు కాదు.

టీబీ విషయంలో దాపరికం ఇంకా ఎక్కువ. హాస్టల్ ఖాళీ చేయమంటారని భయం, ఆడపిల్లకైతే సంబంధాలు రావని ఇంట్లోవాళ్ల దిగులు. రెండు వారాలు దాటిన దగ్గుకు ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష ఉచితం, మందులూ ఉచితమే. మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు, మధ్యలో ఆపకూడదు. సరైన మందులు పడితే కొన్ని వారాల్లోనే ఇతరులకు అంటించే ప్రమాదం బాగా తగ్గుతుంది. అప్పటిదాకా దాచిపెడితే గదిలో మిగతావాళ్లు పీల్చేది అదే గాలి. సెలవులకి ఇంటికొచ్చిన పిల్లలు రాత్రంతా దగ్గుతుంటే, మర్నాడు బస్సెక్కించే ముందు అమ్మానాన్నలు అడగాల్సింది ఒక్కటే: ఈ దగ్గు ఎన్ని రోజుల నుంచి?