మాటా మంతీ : పదిహేను కొపెక్కుల పాఠం

పండగ సంచికకి పిల్లల ఆటల గురించి రాయమన్నారు. ఆట గురించే మొదలుపెడుతున్నాను. చివరికి పాఠంలా అనిపిస్తే మన్నించండి.

గత చలికాలంలో ఒక ఆదివారం, షార్జాలో పాత సామాన్ల కొట్టుకి వెళ్ళాం. ఓ మూల దుమ్ము కొట్టుకుపోయి పిన్‌బాల్ మెషిన్ కనిపించింది. ఏటవాలు బల్ల, అద్దం కింద ఐస్ హాకీ ఆటగాళ్ళ బొమ్మలు, చుట్టూ రష్యన్ అక్షరాలు.

స్ప్రింగు లాగి వదిలితే ఉక్కు గుండు పైకెళ్ళి, అడ్డొచ్చినవాటికల్లా తగులుతూ కిందికి జారుతుంది. దాన్ని రెండు రెక్కలతో మళ్ళీ పైకి కొట్టాలి. ఆ రెక్కలు 1947లో అమెరికాలో వచ్చాయి. అంతకుముందు చాలావరకు అదృష్టమే. అవి వచ్చాకే చేతినేర్పుకి చోటు దొరికింది. 1971లో మాస్కోలో విదేశీ వినోద యంత్రాల ప్రదర్శన జరిగాక, సోవియట్ రక్షణ కర్మాగారాలు కూడా ఆటల పెట్టెలు తయారుచేశాయి. ఆటకి 15 కొపెక్కులు. 1991లో ఆ దేశం పోయినా పెట్టెలు మిగిలాయి. మాస్కోలో 2007లో వాటికో మ్యూజియం కూడా వెలిసింది.

నేను వైద్యం చదివింది వోల్గా ఒడ్డున. మా హాస్టల్ మెట్ల కింద ఇలాంటి పెట్టే ఒకటి పాడైపోయి పడుండేది. అందుకే ఇక్కడ "అపుస్తితె మొనేతు" అని గడగడా చదివేసి, "నాణెం వేయండి" అని అర్థం కూడా చెప్పాను. మా పదకొండేళ్ళవాడు నోరు తెరిచాడు.

"ఇంకా మర్చిపోలేదా నాన్నా?"

"ఆరేళ్ళు అక్కడే ఉన్నాను కదరా!" అన్నాను గొప్పగా.

కారెక్కాక మెల్లగా అడిగాడు: "మరి నానమ్మ ఉత్తరం నాకెందుకు చదవడం రాదు?"

మా అమ్మ ఏటా వాడి పుట్టినరోజుకి ఉత్తరం రాస్తుంది. ఏటా నేనే చదివి వినిపిస్తాను. పరాయి దేశంలో ఆరేళ్ళున్న నాకు వాళ్ళ లిపి వచ్చింది. నా ఇంట్లో పదకొండేళ్ళున్నవాడికి నా లిపి రాలేదు. డ్యూటీలు, ట్యూషన్లు, తీరికలేదు అని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. ఆ రోజు మాత్రం నోరు రాలేదు.

మెషిన్ కొనడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. ప్లైవుడ్ ముక్క మీద మేకులు కొట్టి, అడుగున గదులు చేసి, గదికో అక్షరం అంటించాం. తలవైపు రెండు లావు పుస్తకాలు ఎత్తు. ఉక్కు గుండుకి బదులు గోళీ. పడిన అక్షరం పలికితే ఒక పాయింటు, రాస్తే రెండు. మొదట అచ్చులు, తర్వాత హల్లులు. నన్ను ఓడించాలన్న పట్టుదలతో గుణింతాలు కూడా పట్టేశాడు.

ఈ ఏడు ఉత్తరం రాగానే వాడే ఫోన్ చేసి నానమ్మకి చదివి వినిపించాడు. ఒత్తుల దగ్గర తడబడుతూ, అరపేజీకి ఇరవై నిమిషాలు పట్టింది. తను రాసిన మాటలే అయినా అమ్మ ఒక్కటీ అందించలేదు. అంతా విని, "ఇంకోసారి చదవరా" అంది.

ఆ బల్ల పండగనాడు హాలుకి తెస్తున్నాను. గోళీలు నావి. పిల్లల్ని మీరు తీసుకురండి.