యంత్రమూ మనమూ : పచ్చికబయలు ట్రాక్టరు కుదుపులు

యమునకు తూర్పున, నోయిడాలో ఉన్న మా కాలనీకి ఒక విశాలమైన పచ్చికబయలు ఉన్నది. ఢిల్లీ ఎండలకు జ్యేష్ఠమాసంలో ఎండి గడ్డకట్టే ఆ నేల, రెండు వానలు పడగానే పచ్చబడి, శ్రావణం వచ్చేసరికి వారం వారం కోయించనిదే నడవనీయదు. అందుకొక పాత తోట ట్రాక్టరు ఉన్నది. దుక్కి దున్నే ట్రాక్టరును చూచిన కళ్లకు ఇది పిల్లల ఆటవస్తువువలె కనిపిస్తుంది. పొట్ట క్రింద తిరిగే కత్తులు, పైన ఒక సీటు, ప్రక్కన ఒకే ఒక లీవరు. క్లచ్చి లేదు, గేర్లు లేవు. లీవరు ముందుకు తోస్తే ముందుకు, వెనుకకు లాగితే వెనుకకు. నడుమ ఉంచితే నిలిచిపోవాలి.

గత వర్షాకాలంలో అది నిలవడం మానివేసింది. నెమ్మదిగా కదలవలసిన చోట ఉన్నట్టుండి దుమికేది. "ఝట్కా మారతీ హై, సాబ్" అని మాలీ నాలుగైదుసార్లు చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. ఒక సాయంత్రం, పెద్దలు కూర్చునే సిమెంటు బెంచీ దగ్గర ఆగవలసిన బండి గజం దూరం ముందుకు దూకింది. బెంచీ మీద ఉన్నవారు సమయానికి కాళ్లు పైకి తీసుకున్నారు గనుక సరిపోయింది. మరునాడే బండిని షెడ్డులో పెట్టి తాళం వేశారు.

బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ అయిదు నిమిషాలు నడిపి చూచి, హైడ్రోస్టాటిక్ యూనిట్ అరిగిపోయింది, మార్చవలసిందే అని వ్రాసి వెళ్లాడు. క్రొత్త యూనిట్ ధర పాత బండి విలువను మించుతుంది. ఇక కండెమ్ చేయడమే మార్గమని ఫైలు కదిలింది. ఫైలుతోపాటు మరొకటి కూడా కదలవలసి వచ్చేది. మాలీ కాంట్రాక్టరు ద్వారా వచ్చిన మనిషి. ఈ బండి నడపడానికే అతనిని పెట్టుకున్నారు. బండి పోతే అతనికి పని లేదు. అందుచేత మేము ఒక ఆదివారం గడువు అడిగాము.

ముందుగా ఈ యంత్రం మర్మం కొంత చెప్పుకోవాలి. ఇంజను ఒక పంపును తిప్పుతుంది. పంపు నూనెను ఒత్తిడితో మోటారుకు పంపుతుంది. మోటారు చక్రాలను తిప్పుతుంది. పంపులోని చిన్న పిస్టన్లు ఒక వాలు పళ్లేన్ని ఆనుకొని తిరుగుతూ ఉంటాయి. పళ్లెం ఎంత వాలితే పిస్టన్లు అంత దూరం ఆడి, అంత నూనెను నెట్టుతాయి. వాలు సున్న అయితే నూనె కదలదు, బండి నిలుస్తుంది. రెండవ ప్రక్కకు వాలితే బండి వెనుకకు నడుస్తుంది. మన చేతిలోని లీవరు చేసే పని ఆ పళ్లేన్ని వాల్చడం, అంతే.

ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకంలో అమెరికాలో విలియమ్స్, జెన్నీ అనే ఇద్దరు ఈ పద్ధతిని రూపొందించగా, అది యుద్ధనౌకల ఫిరంగులను నడపడానికి ఉపయోగపడింది. ఫిరంగి కుదుపు లేకుండా కదిలితేనే గదా గురి కుదిరేది! తోట ట్రాక్టర్లలో 1965 నాటి కబ్ కాడెట్ 123 ఈ పద్ధతికి తొలినాటి మాదిరులలో ఒకటి. ఢిల్లీ చుట్టుప్రక్కల రోడ్లు వేసే చోట కంకరను అదిమే వైబ్రేటరీ రోలర్లను మీరు చూచే ఉంటారు. వాటిలో చాలావాటిని నడిపించేది కూడా ఇటువంటి నూనె ఒత్తిడే.

షెడ్డు తలుపు తీయగానే మేము చేసిన మొదటి పని మాలీని కూర్చోబెట్టి అడగడం. జోరుగా పోయేటప్పుడు కుదుపు ఉన్నదా? లేదన్నాడు. ఎత్తు ఎక్కేటప్పుడు బలం తగ్గిందా? లేదు. మరి ఎప్పుడు? అతడు చేతిని గాలిలో ఊపి చూపించాడు: లీవరు నడిమి స్థానాన్ని దాటేటప్పుడు మాత్రమే, అప్పుడు లీవరు రెండు వేళ్లంత దూరం ఊరికే కదులుతుంది, ఆ తరువాత బండి ఒక్కసారిగా దూకుతుంది. వినగానే మా అనుమానం పంపు మీదనుంచి తొలగిపోయింది. పంపు నిజంగా అరిగితే, నూనె వేడెక్కినకొద్దీ బలం తగ్గి, ఎత్తు ఎక్కలేక నీరసించాలి. ఇక్కడ ఆ లక్షణం లేదు.

ఇంజను ఆపి, తాళంచెవి తీసి, ప్లగ్గు తీగ ఊడదీశాము. మాలీ లీవరును మెల్లగా కదుపుతూ ఉండగా మేము సీటు క్రింద టార్చి వేసి చూచాము. కడ్డీ కదులుతున్నది, పళ్లేన్ని తిప్పే చేయి మాత్రం కదలడం లేదు. చేతికి ఉన్న గాడిలో పిన్ను ఊగుతున్నది. ఎనిమిది మిల్లీమీటర్ల పిన్ను తిరిగే గాడి అరిగి, అరిగి, పదిన్నరకు వచ్చింది. గాడి చివరను తాకేదాకా పళ్లేనికి కబురే అందదు. అందిన వెంటనే పట్టు విడిచి ఒక్కసారిగా వాలుతుంది. పైగా లోపలి నూనె ఒత్తిడి కూడా ఆ సందులో పళ్లేన్ని తన ఇష్టం వచ్చినట్లు నెట్టుతుంది. ఢిల్లీ దుమ్ము గ్రీజుతో కలిసి ఆకురాయివలె పనిచేసిందన్నమాట.

చేయిని ఊడదీసి, నోయిడాలోనే ఒక చిన్న లేత్ దుకాణంలో గాడిని వెల్డింగుతో పూడ్పించి, సరియైన కొలతకు ఆకురాయితో రాయించాము. పిన్నుకు ఇత్తడి బుష్ చేయించాము. స్ప్రింగు వాషర్లు, కోటరు పిన్నులు కశ్మీరీ గేటు మోటారు విడిభాగాల బజారులో దొరికాయి. లీవరును నిలిపి ఉంచే రాపిడి బిళ్లను కూడా బిగించవలసి వచ్చింది. అది వదులైతే గతుకుల నేలమీద లీవరు తనంతట తానే జారుతుంది.

తరువాతి పని జాగ్రత్తగా చేయవలసినది. ముందు చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, వెనుక చక్రాలను గట్టి ఇనుప స్టాండుల మీద నేలకు ఎత్తాలి. ఇటుకలు పనికిరావు, అవి పగులుతాయి. కత్తుల బిగింపు విడిచి ఉంచి, ఇంజను నడిపి, లీవరు నడుమ ఉన్నప్పుడు చక్రాలు ఏ ప్రక్కకూ తిరగకుండునంత వరకు కడ్డీ పొడవును సరిచేయాలి. ఇంజను నడుస్తూ ఉండగా చేతులు చక్రాల దగ్గరకు పోకూడదు. పొడవు చేతుల చొక్కా, మెడలో తువ్వాలు అసలే వద్దు.

మా ఫిల్టరు కూడా మురికిపట్టి ఉండడంవల్ల నూనెతోపాటు మార్చాము. నూనె విషయంలో తయారీదారు పుస్తకమే ప్రమాణం; ఒక యంత్రానికి ఇంజను నూనె, మరొకదానికి ప్రత్యేకమైన నూనె. చేతికి దొరికినది కలపరాదు. నూనె మార్చినప్పుడు లోపల గాలి చిక్కుతుంది, అది కూడా కుదుపులకు కారణమే. చక్రాలు ఎత్తి ఉండగానే, ఇంజనును నెమ్మదిగా నడుపుతూ, లీవరును అయిదారుసార్లు ముందుకూ వెనుకకూ మెల్లగా కదిపి, మట్టం తగ్గితే నింపాలి. నూనె పాలవలె తెల్లగా నురగ కడితే గాలి ఇంకా ఉన్నట్లే.

సోమవారం ఉదయం మాలీ బండిని బెంచీ చుట్టూ మూడుసార్లు త్రిప్పాడు. నాలుగవసారి బెంచీకి జానెడు దూరంలో ఆపి మావైపు చూచాడు. చలికాలపు ఉదయాలలో నూనె చిక్కబడి కొంచెం బద్ధకించే గుణం ఇంకా ఉన్నది. అయిదు నిమిషాలు ఇంజను వేడెక్కనిచ్చి గాని అతడు కదలడు.

ఇక ఆ ఫైలు సంగతి. కండెమ్ కాగితం మీద అప్పటికే రెండు సంతకాలు పడి ఉన్నందున, పనికిరాదని తేలిన యంత్రం గడ్డి కోస్తున్నదని ఏ ఫారములో తెలియజేయాలో ఆఫీసులో ఇంకా చూస్తూనే ఉన్నారు.