చీకట్లో సైకిలు, రోడ్డు మీద రాయి

కార్తీకం వచ్చిందంటే పొద్దు పొట్టిదవుతుంది. సాయంత్రం ఆరు కాకముందే మసక చీకటి. వరి కోతలూ అప్పుడే. గడ్డిమోపు కట్టుకుని పొలం నుంచి వచ్చే రైతు, పాలక్యాన్లు తగిలించుకుని కేంద్రానికి పోయే రైతు సైకిలు మీద రోడ్డెక్కేదీ ఆ వేళకే. ప్రమాదం జరిగితే "లారీవాడు చూసుకోకుండా గుద్దాడు" అంటాం. చాలాసార్లు నిజమే. కానీ వాడికి మనం కనబడ్డామా అని కూడా అడగాలి.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. డిమ్ లైటులో నల్ల సైకిలు, మాసిన చొక్కా 30, 40 మీటర్ల దగ్గరికి వస్తేగానీ ఆనవు. డ్రైవరు చూసి, బ్రేకు తొక్కి, బండి ఆగేసరికి అంతకంటే ఎక్కువ దూరమే పడుతుంది. అంటే చూసినా ఆపలేడు.

సైకిలు వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉన్నా దాన్ని గడ్డిమోపుతో మనమే కప్పేస్తాం. సైకిలు షాపులో దొరికే ఎర్ర రేడియం స్టిక్కరు తెచ్చి వెనక మడ్‌గార్డుకు, పాలక్యాన్లకు అంటించండి. మోపు ఉంటే ఒక చెక్కముక్కకు అంటించి, మోపు వెనక కనబడేట్టు కట్టండి. లైటు పడితే 100 మీటర్ల అవతలి నుంచే మెరుస్తుంది. ముందు ఒక టార్చి కట్టుకోండి.

ఇక రెండో మాట చేదుగా ఉంటుంది. వడ్లు రోడ్డు మీద ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి, రాత్రికి నల్ల పట్టా కప్పి ఇంటికి పోతున్నది మనమే. తేమ 17 శాతానికి దిగనిదే కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టరు, కల్లం లేని రైతు ఎక్కడ ఆరబెట్టాలి అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఊరూరా కల్లాలు కట్టించాలని గట్టిగా అడగాల్సిందే. అయితే ఆ రాయి లారీని ఏమీ చేయదు. దాని మీద పడేది సైకిలు మీద వచ్చే మన పక్క చేను మనిషే. వడ్లు ఎత్తుకుంటాం, రాయి మాత్రం అక్కడే వదిలేస్తాం. ఇదేం పద్ధతి? పొద్దుగూకే ముందే కుప్ప రోడ్డు దింపాలి, రాయీ తీసెయ్యాలి.

గుద్దిన బండి పారిపోయి దొరక్కపోయినా పరిహారం ఉంది. 2022 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం కింద ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేల రూపాయలు. పోలీసు కేసు పెట్టించి ఆర్డీవో ఆఫీసులో అడగండి. కానీ ఆ 2 లక్షలతో ఇంటి పెద్ద తిరిగి రాడు. ఈ సాయంత్రమే ఒకసారి మీ సైకిలు వెనక చూసుకోండి.