అమ్మ దిండు కింది గోలీలు

మన సినిమాల్లో తాగే మగాడు నవ్విస్తాడు. ఎమ్మెస్ నారాయణ తూలుతూ తెర మీదికి వస్తే చాలు, హాలంతా ఈలలే. అదే తాగేది ఆడమనిషైతే కళ్లు తుడుచుకుంటాం. 2018లో 'మహానటి' చూసి ఇళ్లకు అలాగే వెళ్లాం. సావిత్రి 1980లో కోమాలోకి వెళ్లి, సుమారు 19 నెలలు అలాగే ఉండి, 1981 డిసెంబరు 26న కన్నుమూశారు. ఆమె నటన గురించి, దానగుణం గురించి గంటలు మాట్లాడుకుంటాం. మద్యానికి బానిస కావడం ఒక జబ్బు, దానికి చికిత్స ఉంటుంది అన్న మాట మాత్రం ఆ కబుర్లలో రాదు. నవ్వినా ఏడ్చినా, అది మనింటి సంగతి కాదనే ధీమా.

ఆ ధీమాను పోగొట్టే హాలీవుడ్ కామెడీ ఒకటుంది. 1990లో వచ్చిన 'పోస్ట్‌కార్డ్స్ ఫ్రమ్ ది ఎడ్జ్'. 'స్టార్ వార్స్'లో యువరాణిగా చేసిన క్యారీ ఫిషర్ తన నవల ఆధారంగా తానే రాసింది. ఆమె తల్లి డెబ్బీ రేనాల్డ్స్ పాతకాలపు పెద్ద తార. సినిమాలో నటి అయిన కూతురు మత్తుమందులు ఎక్కువై ఆస్పత్రి పాలవుతుంది, కడుపు కడుగుతారు. (కడిగిన డాక్టరే తర్వాత పూలు పంపిస్తాడు. మా వాళ్లెవరూ అది నేర్చుకోవద్దు.) మళ్లీ వేషం దొరకాలంటే బీమా వాళ్ల షరతు, బాధ్యత గల పెద్దల దగ్గర ఉండాలని. ఆ పెద్దదిక్కు ఎవరయ్యా అంటే, పొద్దున్నే పండ్లరసంలో వోడ్కా కలుపుకునే తల్లి! విందులో కూతురు పాడితే, వెంటనే లేచి తానూ పాడి చప్పట్లు కొట్టేసే తల్లి. నీది వ్యసనం, నాది అలవాటు అంటుంది.

వోడ్కా లేకుండా ఇదే సీను ఆలేరులో నా ఓపీలో చూశాను.

అరవై దాటిన ఒకామెను మూర్ఛ వచ్చిందని కూతురు తీసుకొచ్చింది. షుగరు మామూలుగానే ఉంది, తలకు దెబ్బ లేదు. ఏం మందులు వాడుతున్నారని అడిగితే "ఏం లేదు సారూ, నిద్రకు ఒక గోలీ, అంతే" అంది. ఆ 'అంతే' వయసు తొమ్మిదేళ్లు. అల్ప్రాజోలం. మొదట ఎవరో డాక్టరు పదిహేను రోజులకు రాసిన చీటీ. తర్వాత మెడికల్ షాపు వాళ్లే ఇచ్చేవాళ్లు. పట్నం నుంచి వచ్చిన కూతురు దిండు కింది పట్టీలన్నీ తీసి చెత్తబుట్టలో వేసింది. మూడో రోజు ఫిట్స్.

ఈ మందు మెదడు వేగానికి బ్రేకు వంటిది. ఏళ్ల తరబడి బ్రేకు మీద కాలుంచి ఒక్కసారిగా తీస్తే బండి అదుపు తప్పుతుంది. వణుకు, గుండెదడ, రాత్రంతా జాగారం, కొందరికి మూర్ఛ. కొంచెం కొంచెంగా, వారాల తరబడి, డాక్టరు చెప్పిన లెక్కలో తగ్గించాలే తప్ప పారేయకూడదు. వాడుతూ పోయినా నష్టమే. మతిమరుపు, రాత్రి బాత్రూంకు లేచి పడిపోవడం, తుంటి ఎముక విరగడం. మద్యంతో కలిస్తే ఊపిరే ఆగొచ్చు.

మా నల్లగొండ, పాలమూరు వైపు కల్తీ కల్లులో కలిపేవాటిలో ఈ అల్ప్రాజోలం కూడా ఒకటి. చెట్టు కల్లు సంగతి వేరు. దాడులు జరిగి ఆ కల్తీ సరుకు ఆగిన రోజుల్లో కూలీలు ఇవే వణుకులతో, ఇవే ఫిట్స్‌తో వస్తారు. వాళ్లను చూసి మనం 'తాగుబోతులు' అంటాం. అదే మందు పట్టీలో ఉంటే 'అమ్మకు నిద్ర పట్టదండీ' అంటాం.

తప్పు ఆమెదేనని నేననను. రాసి మర్చిపోయిన మాది ముందు. అల్ప్రాజోలం హెచ్1 జాబితాలోని మందు. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతిసారీ వేరే రిజిస్టరులో ఎక్కించాలి. ఎన్ని షాపుల్లో ఆ రిజిస్టరు తెరుస్తున్నారో మీరే ఒకసారి అడిగి చూడండి. ఇంట్లో ఎవరికైనా ఈ ఇబ్బంది ఉంటే దాచకండి. వ్యసనాల సలహాకు 14446, మనసు బాగోకపోతే 14416. రెండూ ప్రభుత్వానివే.

ఇంతకీ ఆమె కోలుకుని వెళ్లేటప్పుడు కూతురు మోతాదు తగ్గించే లెక్క రాసుకుంటోంది. తల్లి నా వైపు వంగి "నా గోలీలు లెక్కపెడ్తది గని, దాని హ్యాండ్‌బ్యాగు కూడ చూడుండ్రి సారూ" అంది. కూతురు కాసేపు మాట్లాడలేదు. ఆఫీసు టెన్షన్ ఉన్న రాత్రుళ్లు సగం గోలీ, అంతేనట.

ఇప్పుడు ఇద్దరినీ ఒకే రోజు రమ్మని రాస్తున్నాను.