ఐటీ అంటే అద్దాల మేడేనా?

పెళ్లిచూపుల్లో "అబ్బాయి ఐటీలో ఉన్నాడు" అంటే ఇక అడగడానికి ఏమీ మిగలదు. జీతం, ఉండే చోటు, వీలైతే అమెరికా, అన్నీ ఆ రెండక్షరాల్లోనే వచ్చేస్తాయి. 1998లో మాదాపూర్లో సైబర్ టవర్స్ లేచాక ఆ మాట భవనానికి అతుక్కుపోయింది. ఐటీ మంత్రి అంటే ఎన్ని కంపెనీలు తెచ్చారని అడుగుతామే తప్ప సమాచారం ఊసెత్తం.

ఆ మాట పుట్టింది ఉద్యోగాల లెక్క చెప్పడానికి కాదు. 1958 నవంబరులో లీవిట్, విస్లర్ అనే ఇద్దరు హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాస్తూ, పేరు స్థిరపడని కొత్త విద్యకు 'ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ' అని పేరు పెట్టారు. గుట్టలకొద్దీ సమాచారాన్ని చకచకా తేల్చే యంత్రాలు, నిర్ణయాలకు గణితం, మనిషి ఆలోచనను అనుకరించే ప్రోగ్రాములు, ఈ మూడూ కలిపి వాళ్ల లెక్కలో ఐటీ. వాళ్ల చూపంతా ఒక్కచోటే: ఇది వస్తే నిర్ణయాధికారం పైకి ఎగబాకుతుంది, మధ్యలో ఉన్న అధికారి చేతులు ఖాళీ అవుతాయి.

"మాటలకు అర్థాలు మారవా? పరిశ్రమ పేరుగా వాడితే నీకేం నొప్పి?" అంటారు. మారనివ్వండి, కాదనను. కానీ మారిన అర్థం ఏది కనబడకుండా చేస్తోందో చూడండి.

2020లో తెలంగాణలో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. అదే ఏడాది గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) పోస్టులు రద్దయ్యాయి. పాసుపుస్తకంలో తప్పు పడితే దిద్దే అధికారం తహసీల్దారు చేతిలోంచి జారి కలెక్టరు దాకా వెళ్లింది. తన మండలంలో ఎవరి పొలం ఎవరిదో తెలిసిన అధికారి కూడా "నా చేతిలో లేదు, పోర్టల్లో పెట్టుకో" అనాల్సి వచ్చింది. 2025లో ధరణి స్థానంలో భూభారతి తెచ్చి కొన్ని అధికారాలు మళ్లీ కిందికి దించారు. లీవిట్, విస్లర్ చెప్పిన కథ అచ్చంగా జరిగింది హైటెక్ సిటీలో కాదు, మండల ఆఫీసులో. అయినా దాన్ని రెవెన్యూ గొడవ అన్నామే గాని, ఐటీ అనలేదు. అందుకే ఆ తెరల వెనుక నియమాలు రాసిందెవరు, తప్పుకు జవాబుదారీ ఎవరు అన్న ప్రశ్న ఐటీ చర్చల్లోకి రాదు.

ఆ ఆఫీసు బయట చెట్టు నీడన కాగితాలు పట్టుకుని కూర్చున్న రైతును ఐటీ గురించి అడిగి చూడండి. "మా మేనల్లుడు చేస్తాడండీ, హైదరాబాదులో" అంటాడు.