మారుతి 800ను తుక్కుకు పంపొద్దు

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి పాత అంబాసిడర్ వచ్చిందంటే చుట్టుపక్కల కుర్రాళ్లు సెల్‌ఫోన్లు పట్టుకుని చేరిపోతారు. పక్కనే ఉన్న పాత మారుతి 800 వైపు ఒక్కరూ చూడరు. దాని ఓనరు నన్నడిగేది ఒకటే: తుక్కుకి వేస్తే ఎంతొస్తుంది? ఆ ప్రశ్న విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

నేను పని నేర్చుకున్నది అంబాసిడర్ మీదే. ఇంగ్లండు వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ని తెచ్చి, బెంగాల్లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన బండి. బానెట్ ఎత్తితే ఇంజను చుట్టూ రెండు చేతులూ ఆడతాయి. స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు, వెనక కమాను పట్టీలు. పల్లెటూళ్లో ఆగిపోయినా ట్రాక్టరు మెకానిక్కే బాగుచేసి పంపేవాడు. గట్టి బండి, సందేహం లేదు. కాకపోతే ఎక్కువగా సర్కారు వాళ్లదీ, టాక్సీ వాళ్లదీ, షావుకార్లదీ.

బడిపంతులు ఇంటిముందు సొంత కారు నిలబడింది 800 వచ్చాకే. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి బండి తాళం అందించారు. మూడు సిలిండర్లు, 796 సీసీ. ఇంజను లాగేది ముందు చక్రాలనే కాబట్టి వెనక్కి పొడుగాటి షాఫ్టు అక్కర్లేదు. అంత చిన్న బండిలో నలుగురు కాళ్లు చాపుకోగలిగింది అందుకే. అంబాసిడర్ స్టీరింగ్ తిప్పాలంటే భుజాలు నొప్పెట్టేవి. మా అక్క ధైర్యంగా డ్రైవింగ్ నేర్చుకుంది 800 మీదే.

రెండిటి తయారీ ఆగింది ఒకే ఏడాది, 2014లో. అంబాసిడర్‌కి దేశమంతా వీడ్కోలు చెప్పింది. 25 లక్షలకు పైగా అమ్ముడైన 800కి ఆ మర్యాద దక్కలేదు. ఎక్కడ చూసినా ఉండేది కాబట్టే ఎవరూ దాచుకోలేదు. 1986లో రూపం మార్చారు. అంతకు ముందు వచ్చినవి ఇప్పుడు మాలాంటి వాళ్లకే కనబడడం లేదు. రేకు పల్చన. కాళ్ల కింద మ్యాట్ ఎత్తితే తుప్పు పట్టి రోడ్డు కనిపించే బండ్లున్నాయి. అతుకు వేద్దామని గ్యాస్ వెల్డింగ్ పెడితే చిల్లు ఇంకా పెద్దదవుతుంది. మంచి రేకు దొరికేదాకా కోసుకుంటూ పోవాలి.

మన దేశంలో 2021లో పెట్టిన నిబంధన ప్రకారం వింటేజ్ గుర్తింపు కావాలంటే బండికి 50 ఏళ్లు నిండాలి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివాకి 30 ఏళ్లు చాలు. మొట్టమొదటి 800కి 50 నిండేది 2033లో. అప్పటికి ఎన్ని మిగులుతాయి? కేంద్రం ఆ గడువుని 30 ఏళ్లకి తగ్గించాలి. ఈలోగా ఇంట్లో పాత 800 ఉన్నవాళ్లకి నా విన్నపం: సొంత కార్బొరేటర్, స్టీరింగ్, సీట్లు మార్పించకండి. వానాకాలానికి ముందు బండి అడుగున తుప్పు మందు కొట్టించండి.