పంజరపు చిలుక

నల్లమల అరణ్యానికి ముఖద్వారం వంటిది అచ్చంపేట. ఆ పట్టణానికి దక్షిణాన అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తరించి ఉంది. అక్కడి చెట్ల తొర్రలు రామచిలుకలకు పుట్టిళ్లు. చిలుకతో తెలుగువారి అనుబంధం నేటిది కాదు. పాలవేకరి కదిరీపతి ‘శుకసప్తతి’లో కథలు చెప్పేది చిలుకే. అయితే ఆ మక్కువే చిలుకను పంజరం పాలు చేసింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలుకలను పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. అయినా తెలిసో తెలియకో పెంచేవారు ఉన్నారు. వారిలో కొందరు పశ్చాత్తాపంతో పంజరం తలుపు తీసి, పక్షిని అడవిలో విడిచిపెడతారు. అది పుణ్యకార్యమని వారి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఒకసారి పరీక్షించుకోవాలి.

ఈకలు నిగనిగలాడుతున్నంత మాత్రాన పక్షి ఆరోగ్యంగా ఉన్నదని చెప్పలేము. చిలుక జాతికి సోకే సర్కోవైరస్ ఈకలను, ముక్కును వికృతం చేసి రోగనిరోధక శక్తిని హరిస్తుంది. దీనికి మందు లేదు. కొన్ని పక్షులలో ఏ లక్షణమూ కనిపించకపోయినా, రెట్టల ద్వారా, ఈకల ధూళి ద్వారా వైరస్ వెలువడుతూనే ఉంటుంది. అంగళ్లలో ‘లవ్ బర్డ్స్’ పేరుతో అమ్మే బడ్జెరిగార్ల సంగతీ అంతే. పోలియోమా వైరస్ సోకిన పెద్ద పక్షులు చలాకీగానే తిరుగుతుండవచ్చు. గూటిలోని పిల్లలు మాత్రం ప్రాణాలు కోల్పోతాయి.

మన రామచిలుకకు దగ్గరి బంధువైన ఒక చిలుక మారిషస్ ద్వీపంలో ఉంది. 1980లలో వాటి సంఖ్య ఇరవైకి లోపే. శాస్త్రజ్ఞులు ఎంతో శ్రమించి ఆ జాతిని నిలబెట్టారు. 2005 ప్రాంతంలో వాటిలో సర్కోవైరస్ వ్యాధి ప్రబలి, ఆ శ్రమను ప్రమాదంలో పడవేసింది. రోగం దాచుకున్న ఒక్క పంజరపు చిలుక నల్లమల గుంపులో కలిస్తే ఏమి జరగగలదో దీనిని బట్టి ఊహించవచ్చు.

అట్లని చిలుకను పంజరంలోనే ఉంచాలని కాదు. దానిని అటవీశాఖకు అప్పగించాలి. రక్తాన్ని, ఈకలను పరీక్షిస్తే దాగిన వైరస్ బయటపడుతుంది. బడ్జెరిగార్లను పెంచేవారు కొత్తగా తెచ్చిన పక్షిని కొన్ని వారాలు వేరుగా ఉంచాలి. అడవి చిలుకను కొనేవారే లేకపోతే దానిని పట్టేవారూ ఉండరు. పంజరం తలుపు తీయడం కంటే, ఆ పంజరాన్ని కొనకపోవడమే చిలుక పట్ల నిజమైన దయ.